పెంపుడు కుక్కలు: ‘మా కుక్క ఏం చెయ్యదండీ’ అంటే కుదరదు.. గేటు దాటి మీదకు వస్తే బాధ్యత ఎవరిది? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

2023 జనవరి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్. ఫుడ్ ఆర్డర్ ఇవ్వడానికి మూడో అంతస్తుకు వెళ్లాడు 23 ఏళ్ల డెలివరీ బాయ్. అంతలో ఆ ఇంట్లోని జర్మన్ షెపర్డ్ మొరుగుతూ మీదకు దూసుకొచ్చింది. భయంతో పరుగెత్తిన ఆ యువకుడు తప్పించుకునే దారి లేక కిందకు దూకేశాడు. నిమ్స్‌లో చికిత్స పొందుతూ ప్రాణాలు వదిలాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంచుమించు ఇలాంటి ఘటనే జరిగింది. ఈసారి డాబర్‌మన్. పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన వ్యక్తి మూడో అంతస్తు నుంచి దూకి గాయాలతో బయటపడ్డాడు. రెండు చోట్లా యజమానులపై పోలీసులు కేసులు పెట్టారు.

ఈ రెండు ఘటనల్లోనూ అసలు ప్రమాదం కుక్క కరవడం వల్ల వచ్చింది కాదు. కట్టి ఉంచాల్సిన కుక్కను కట్టకుండా తలుపు తీయడం వల్ల వచ్చింది. ఇంకో విషయం కూడా గమనించాలి. కేంద్రం ‘ప్రమాదకర జాతులు’ అంటూ విడుదల చేసిన 23 జాతుల లిస్టులో జర్మన్ షెపర్డ్ లేదు, డాబర్‌మన్ కూడా లేదు. అంటే ‘మాది ఆ లిస్టులో లేదు కదా’ అని ధీమాగా ఉన్నవాళ్ల ఇళ్ల దగ్గరే ఈ ఘోరాలు జరిగే వీలుంది. మరి చట్టం ఎవరిని పట్టుకుంటుంది? కుక్క జాతినా, యజమాని నిర్లక్ష్యాన్నా? అసలు విషయంలోకి వెళ్దాం.

ఆ 23 జాతుల లిస్టు కథేంటి?

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ అన్ని రాష్ట్రాలకు ఓ లేఖ రాసింది. పిట్‌బుల్ టెర్రియర్, టోసా ఇను, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, ఫిలా బ్రసిలీరో, డోగో అర్జెంటీనో, అమెరికన్ బుల్‌డాగ్, కంగల్, కాకేషియన్ షెపర్డ్, రాట్‌వీలర్, అకిటా, కేన్ కోర్సో, మాస్టిఫ్‌లు, వోల్ఫ్ డాగ్స్.. ఇలా 23 రకాలకు లైసెన్సులు ఇవ్వొద్దని, వాటి దిగుమతి, పెంపకం, అమ్మకాలు ఆపేయాలని అందులో ఉంది. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని కూడా చెప్పింది. లిస్టులో ఒక చోట ‘టెర్రియర్స్’ అని గుంపుగా రాసేశారు. ఒళ్లో కూర్చోబెట్టుకునే సైజు కుక్కలకు కూడా టెర్రియర్ అన్న పేరు ఉంటుందన్న సంగతి రాసినవాళ్లకు తట్టలేదేమో!

ఆ సర్క్యులర్ ఎక్కువ రోజులు నిలవలేదు. సంబంధిత వర్గాలతో సంప్రదింపులు జరపలేదంటూ 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఢిల్లీ హైకోర్టు కూడా పక్కనపెట్టి, ముందు ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలని చెప్పింది. దీంతో ఇప్పటికీ వాట్సాప్‌లో ‘ఈ 23 కుక్కలు పెంచితే జైలే’ అంటూ తిరుగుతున్న మెసేజ్‌కి ఆ లేఖ ఆధారం కాదు.

అలాగని ఆ జాతుల విషయంలో భయం ఉత్తదే అనడానికీ లేదు. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల వృద్ధురాలిని కొడుకు పెంచుకుంటున్న పిట్‌బుల్ ఇంట్లోనే కరిచి చంపేసింది. 2024 మేలో చెన్నై నుంగంబాక్కంలో పార్కులో ఆడుకుంటున్న ఐదేళ్ల పాపపై రెండు రాట్‌వీలర్లు దాడి చేశాయి. యజమానిని పోలీసులు అరెస్ట్ చేశారు. ఏ జాతి కుక్కకైనా కోపం వస్తుంది, ఏ కుక్కైనా కరుస్తుంది. కానీ పొమరేనియన్ కరిస్తే తగిలే గాయం వేరు, 50 కిలోల రాట్‌వీలర్ పట్టుకుంటే అయ్యే గాయం వేరు. జాతిని బట్టి చూసుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. కుక్క ఎంత బలమైనదైతే యజమాని అంత జాగ్రత్తగా ఉండాలి.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ లిస్టుల గొడవ బాగా తెలిసే ఉంటుంది. అక్కడ 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టంలో పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలీరో నిషిద్ధ రకాలు. ఆ తర్వాత ఎక్స్‌ఎల్ బుల్లీని కూడా చేర్చారు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో మినహాయింపు సర్టిఫికెట్ లేకుండా దాన్ని ఉంచుకోవడం నేరం. సర్టిఫికెట్ కావాలంటే ఆపరేషన్, మైక్రోచిప్, ఇన్సూరెన్స్ ఉండాలి, బయటకు తీసుకెళ్తే లీష్, మూతికి మజిల్ తప్పనిసరి. అయితే అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది. ఏ జాతి కుక్కైనా సరే, ప్రమాదకరంగా అదుపు తప్పితే యజమానిపై కేసే. సొంతింట్లో జరిగినా వర్తిస్తుంది. మనిషి చనిపోతే గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు. లిస్టు పెట్టుకున్న దేశం కూడా ఒక్క లిస్టునే నమ్ముకోలేదన్నమాట.

మన దగ్గర ఏ సెక్షన్?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 291 చూడాలి. తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ముప్పు ఉండే అవకాశం ఉన్నప్పుడు, తెలిసి అయినా నిర్లక్ష్యంతో అయినా తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇదే సెక్షన్ 289. అప్పట్లో జరిమానా రూ.1000 వరకే.

ఇక్కడ రెండు మాటలు పట్టుకోవాలి. ఒకటి ‘ఆధీనంలో ఉన్న’. కుక్క ఎవరి పేరు మీద ఉందన్నది ఒక్కటే కాదు, ఆ టైమ్‌లో ఎవరి చేతిలో ఉందన్నదీ చూస్తారు. ఊరెళ్తూ ఫ్రెండ్ ఇంట్లో వదిలి వెళ్లినా, వాకింగ్‌కు పనబ్బాయి చేతికి గొలుసు ఇచ్చి పంపినా చిక్కు అక్కడ కూడా రావొచ్చు. పదేళ్ల పిల్లాడి చేతికి లాబ్రడార్ లీష్ ఇచ్చి వెనకాల ఫోన్ చూసుకుంటూ నడిచే పెద్దలు సాయంత్రం ఏ కాలనీలో చూసినా కనిపిస్తారు. కుక్క ఒక్క ఊపు ఊపితే ఆ పిల్లాడు ఆపగలడా?

రెండోది ‘ముప్పు ఉండే అవకాశం’. కరిచాకే కేసు అని రూల్ లేదు. ఇంతకుముందు ఇద్దరి మీద పడిన కుక్కను మళ్లీ గొలుసు లేకుండా వదిలారంటే, యజమానికి ముప్పు ముందే తెలుసన్నట్టే. ‘ఇంతవరకు ఎవ్వర్నీ కరవలేదండీ’ అన్న మాట మొదటిసారికి పనికి రావొచ్చేమో గానీ రెండోసారికి పనికిరాదు.

గాయం తీవ్రతను బట్టి ఇతర సెక్షన్లు కూడా పడతాయి. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించి తీవ్ర గాయం చేస్తే సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే సెక్షన్ 106. దాని కింద ఐదేళ్ల వరకు పడొచ్చు.

చాలామంది గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు తగిలించి పని అయిపోయిందనుకుంటారు. బోర్డు మంచిదే, ఉండాలి కూడా. కానీ కరెంటు మీటర్ రీడింగ్ తీసేవాళ్లు, గ్యాస్ బండ మోసుకొచ్చేవాళ్లు, పాల ప్యాకెట్ వేసే కుర్రాడు, ఇంట్లో పనిచేసే అమ్మ.. వీళ్లంతా బోర్డు చదివి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు కాదు. లోపలికి రావడమే వాళ్ల ఉద్యోగం. పైగా డెలివరీ వాళ్లను రమ్మన్నది ఇంట్లోవాళ్లే. ఆర్డర్ పెట్టినప్పుడే తెలుసు మనిషి వస్తాడని. యాప్‌లో అతను ఎక్కడున్నాడో మ్యాప్ కూడా కనిపిస్తూనే ఉంటుంది. బెల్ మోగాక తలుపు తీసేముందు కుక్కను గదిలో పెట్టడానికి అర నిమిషం చాలు. అది కూడా కుదరదనుకుంటే సెక్యూరిటీ దగ్గర వదలమని చెప్పొచ్చు.

మరి లైసెన్స్ సంగతి?

కార్లకు ఆర్‌సీ ఉన్నట్టే నగరాల్లో పెంపుడు కుక్కకు మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్స్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో దీనికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. రేబిస్ టీకా వేయించినట్టు వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. అసలు ఈ లైసెన్స్ ఒకటుందని తెలియనివాళ్లే ఎక్కువ. తెలిసినా ‘ఎవరడుగుతారులే’ అనే బాపతు ఇంకొందరు. కుక్క ఎవరినైనా కరిచిన రోజున పోలీసులు అడుగుతారు!

2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ బాధ్యత యజమానిదే. రేబిస్ టీకా పిల్లకు మూడు నెలల వయసులో మొదలుపెట్టి, బూస్టర్ వేయించి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు ఏటా వేయించాలి. ఆ కార్డు పోగొట్టుకోవద్దు, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

కుక్క పిల్లను కొనేముందు ఒక్క మాట. పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలని 2017 నాటి రూల్స్ చెబుతున్నాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. తల్లి దగ్గర, తోటి పిల్లల మధ్య గడిపే ఆ వారాల్లోనే ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్లకు తెలిసొస్తుంది. నెల రోజుల పిల్లను బుట్టలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొంటే ఆ పాఠం నేర్చుకోని కుక్క మీ ఇంటికి వస్తుంది. ఇంటికి తెచ్చాక కూడా మొదటి మూడు నాలుగు నెలలు కీలకం. కొత్త మనుషులు, పిల్లలు, బండి హారన్, ప్రెషర్ కుక్కర్ విజిల్ అన్నీ అలవాటు చేయాలి. నగర శివార్లలో ఫామ్‌హౌస్ కాపలా కోసమని పెద్ద జాతి పిల్లను తెచ్చి, మనిషి మొహం చూపించకుండా గొలుసుకు కట్టేసి పెంచుతుంటారు కొందరు. అలా పెరిగిన కుక్కకు దొంగ ఎవరో, చుట్టం ఎవరో తేడా తెలియదు.

పగలంతా కట్టేయడం కూడా తప్పే

బాధ్యత అంటే గొలుసు ఒక్కటే కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను సరిగా తిప్పకపోవడం కూడా నేరం. శిక్ష చూస్తే నవ్వొస్తుంది.. మొదటిసారి అయితే రూ.10 నుంచి రూ.50 జరిమానా! 1960 నాటి రేటు అలాగే ఉండిపోయింది. పెంచుకున్న జంతువును రోడ్డు మీద వదిలేయడం కూడా ఇదే సెక్షన్ కిందకు వస్తుంది. నాలుగు నెలల వయసులో ముద్దుగా ఉన్న పిల్ల ఏడాదిన్నరకు లాక్కెళ్లే సైజుకు వస్తే, రాత్రిపూట కార్లో తీసుకెళ్లి ఊరవతల వదిలేసేవాళ్లు ఉన్నారు. వేట తెలియదు, వీధి తెలియదు, ఆకలి, భయం. అలాంటి కుక్క అందరికీ ప్రమాదమే. పెంచలేకపోతే పశువైద్యుడినో, జంతు సంరక్షణ సంస్థలనో సంప్రదించి వేరే ఇల్లు చూడాలి.

కుక్కకు తిక్క రేగడానికి చాలాసార్లు కారణం ఇంట్లోనే ఉంటుంది. చెవిలో ఇన్ఫెక్షన్, కీళ్ల నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే కరుస్తుంది. మే నెల ఎండలో హస్కీని బాల్కనీలో ఉంచితే దానికి చిరాకు రాక ఏమొస్తుంది? ఎప్పుడూ మెతకగా ఉండే కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటుంటే కొట్టడం కాదు, డాక్టర్‌కు చూపించాలి.

అపార్ట్‌మెంట్ గొడవలు

‘మా సొసైటీలో కుక్కలు నిషేధం’ అని అసోసియేషన్ తీర్మానం చేస్తే చెల్లుతుందా? భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం చెల్లదు. మెజారిటీ ఓటుతో అయినా పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ వాడొద్దనీ అనకూడదు. అయితే కుక్కల ఓనర్లు దీన్ని సగమే చదువుతారు. అవే మార్గదర్శకాలు బయటకు తీసుకెళ్లేటప్పుడు లీష్ ఉండాలని, కుక్క మలవిసర్జన చేస్తే శుభ్రం చేయాలని యజమానులకు సూచిస్తున్నాయి.

లిఫ్ట్ చాలా చిన్న జాగా. కుక్కకూ తప్పించుకునే దారి ఉండదు, మనిషికీ ఉండదు. లోపల పిల్లలో, వృద్ధులో ఉంటే తర్వాతి లిఫ్ట్‌లో వెళ్లడం మేలు. లీష్ పొట్టిగా పట్టుకుని, కుక్కను మీకూ గోడకూ మధ్య ఉంచుకోండి. బలమైన జాతి అయితే మజిల్ అలవాటు చేయండి. ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాంటిదే ఇది. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం తీసుకోండి. నోరు బిగించేసే గుడ్డ రకం మన ఎండల్లో పనికిరాదు.

నోయిడాలో అయితే 2023 మార్చి 1 నుంచి ఓ పద్ధతి పెట్టారు. పెంపుడు కుక్క వల్ల ఎవరికైనా గాయమైతే యజమానికి రూ.10 వేల జరిమానా, వైద్యం ఖర్చు కూడా ఆ యజమానే భరించాలి. బాధితుడి జేబు గురించి ఆలోచించే ఇలాంటి రూల్ మన నగరాల్లో కూడా ఉంటే తప్పేముంది?

కరిస్తే వెంటనే ఏం చేయాలి?

ముందు నీళ్లు, సబ్బు. ట్యాప్ కింద గాయం పెట్టి 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకోండి, 15 నిమిషాలు అనుకున్న దానికంటే ఎక్కువే ఉంటుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్ లాంటి యాంటీసెప్టిక్ రాయొచ్చు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. నాటు మందు, మంత్రం అంటూ టైమ్ పోగొట్టుకోవద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. టైమ్ ఉన్నది దానికి ముందే.

చర్మం గీసుకుపోయి రక్తం రాకపోతే టీకా. రక్తం వచ్చేలా కరిచినా, కుక్క చొంగ కన్ను, నోరు లాంటి చోట్ల పడినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దీనికి అందరికీ తెలిసిన చోట్లు. ఒకటి రెండు డోసులు వేసుకుని నొప్పి తగ్గిందని ఆపేయొద్దు.

‘మా ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా’ అని గీత పడినా వదిలేసేవాళ్లు చాలామంది. సొంత కుక్క కరిచినా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. ఆ పది రోజుల్లో అది జబ్బుపడినా, చనిపోయినా, కనిపించకుండా పోయినా డాక్టర్‌కు చెప్పాలి. కుక్క బాగుందో లేదో చూశాక టీకా వేసుకుందాంలే అని మాత్రం ఆగకూడదు. మొదటి డోసు అదే రోజు పడాలి.

కేసు పెట్టాలంటే..

ఆసుపత్రిలో కుక్క కాటు అని, ఎవరి కుక్కో, ఎక్కడ జరిగిందో చెప్పి రాయించండి. ఓపీ చీటీ, బిల్లులు, గాయం ఫొటోలు దాచుకోండి. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా ఫుటేజ్ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి అసోసియేషన్‌ను వెంటనే రాతపూర్వకంగా అడగండి. 112కు కాల్ చేయొచ్చు, లేదా నేరుగా స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. సెక్షన్ 291 కింద పోలీసులు నేరుగా కేసు నమోదు చేసే అధికారం ఉంది. బెయిల్ దొరికే కేసే. లైసెన్స్ లేని కుక్క అయితే కార్పొరేషన్ పశువైద్య విభాగానికి కూడా కాపీ పంపండి.

జరిమానా కట్టినా ఆ డబ్బు దానంతట అది బాధితుడి చేతికి రాదు. పరిహారం ఇప్పించమని కోర్టును కోరాలి, లేదంటే వైద్యం ఖర్చు, పోయిన జీతం లెక్కగట్టి సివిల్ దావా వేయాలి. రోజువారీ సంపాదన మీద బతికే డెలివరీ బాయ్‌కి నెల రోజులు మంచం పడితే అదే పెద్ద దెబ్బ. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? పెంపుడు కుక్కల ఇన్సూరెన్స్ పాలసీల్లో కొన్నింటికి థర్డ్ పార్టీ నష్టపరిహారం కవర్ కూడా ఉంటుంది. పెద్ద కుక్క ఉన్నవాళ్లు పాలసీ తీసుకునేటప్పుడు అది ఉందో లేదో అడిగి చూసుకోవాలి.

‘ఒక్కో పంటి గాటుకు రూ.10 వేలు’ అనే పోస్టు కూడా బాగా తిరుగుతోంది. అది 2023 నవంబర్‌లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇచ్చిన తీర్పు. ముఖ్యంగా వీధి జంతువుల కేసుల్లో ఆ రెండు రాష్ట్రాలు, చండీగఢ్ ప్రభుత్వాలు చెల్లించాల్సిన పరిహారం గురించినది. పక్కింటి కుక్క కరిచిందని మన దగ్గర ఆ లెక్కన డబ్బులు అడిగితే రావు. వీధి కుక్కల మీద 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా వేరే సంగతే. పెంపుడు కుక్కకు ఓనర్ ఉన్నాడు, అడగాల్సింది అతన్నే.

అలాగని కోపంతో కుక్కను కొట్టి చంపడం, అన్నంలో విషం పెట్టడం చేస్తే సీన్ రివర్స్ అవుతుంది. న్యాయ సంహిత సెక్షన్ 325 కింద జంతువును చంపినా, వికలాంగం చేసినా ఐదేళ్ల వరకు జైలు.

కుక్క ఎదురొస్తే..

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను నమ్ముకోవద్దు, మొరిగి కరిచేవి బోలెడు. తోక ఊపినంత మాత్రాన స్నేహం అనీ కాదు. ఒళ్లు బిగబట్టి, చూపు తిప్పకుండా, మెడ మీద వెంట్రుకలు లేపి నిలబడితే అది హెచ్చరిక. పరుగెత్తితే వెంటపడుతుంది. కదలకుండా పక్కకు తిరిగి నిలబడండి, కళ్లలోకి చూడొద్దు. చేతిలో బ్యాగ్, హెల్మెట్ ఏదుంటే అది మధ్యలో అడ్డం పెట్టి మెల్లగా వెనక్కి జరగండి. కింద పడిపోతే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోండి.

డెలివరీ పని చేసేవాళ్లు లొకేషన్‌కు చేరాక ‘ఇంట్లో కుక్క ఉందా, కట్టేశారా’ అని ఫోన్‌లో ముందే అడగొచ్చు. జవాబు ‘ఉందిగానీ ఏం చెయ్యదు’ అయితే గేటు బయటే ఉండి, వచ్చి తీసుకోమనండి.